బుడాపెస్ట్‌కి రెండున్నర రోజులు, వీపున ఒక సంచి: సరిపోతుందా?

మీ ప్రశ్న ముందు క్లుప్తంగా మళ్లీ రాస్తాను, తర్వాత ఇదే వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి పనికొస్తుంది. డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నారు. అక్టోబర్ 22 గురువారం రాత్రి తొమ్మిదిన్నరకి బస్సులో బుడాపెస్ట్ చేరతారు. 25 ఆదివారం సాయంత్రం ఏడింటికి తిరుగు బస్సు. ఒక్కరే వెళ్తున్నారు, సామాను ఒక బ్యాక్‌ప్యాక్. శాకాహారం, గుడ్డు పర్లేదు. బస్సు చార్జీ కాక చేతిలో 150 యూరోలు. అడిగినవి మూడు: ఈ టైమ్ చాలుతుందా, దారిలోనే ఉంది కదా అని బ్రాటిస్లావాలో ఒక పూట దిగొచ్చా, వేడినీళ్ల స్నానాలకి ఏ కొలనుకి వెళ్లాలి.

సూటిగా చెప్పాలంటే: టైమ్ చాలుతుంది. బ్రాటిస్లావా వద్దు. కొలను సేచెనీ, అదీ ఆదివారం పొద్దున్నే. 150 మాత్రం బొటాబొటి. పార్లమెంట్ లోపలి టూర్ కూడా కావాలంటే 190 పెట్టుకోండి, లేదంటే ఆ టూర్ వదిలేయండి.

ఇక వివరాలు. నేను తొమ్మిదేళ్లుగా వియన్నాలో ఉంటున్నాను. ఇక్కణ్ణుంచి బుడాపెస్ట్ రైల్లో రెండు గంటల నలభై నిమిషాలు. మనవాళ్లెవరు ఇండియా నుంచి వచ్చినా "ఇంకో దేశం కూడా చూపించు" అంటారు, నేను అక్కడికే తీసుకెళ్తాను. ఒక్కణ్ణే బ్యాగ్ తగిలించుకుని వెళ్లినవి, చుట్టాలతో వెళ్లినవి కలిపితే పదిహేనుసార్లు దాటి ఉంటాయి. మొదటి మూడుసార్లూ ప్లాన్ తప్పే వేశాను కాబట్టి ఏది తప్పో కాస్త తెలుసు.

బ్రాటిస్లావా ఎందుకు వద్దంటున్నానంటే, ఊరు బాగోదని కాదు. ఒక పూట దిగడమంటే రెండు బస్సు టికెట్లు, లాకర్ వెతుక్కోవడం, స్టేషన్ నుంచి పాత ఊరికి రానూపోనూ, మళ్లీ బస్సు ఎక్కడ ఆగుతుందో అన్న కంగారు. నాలుగు గంటలు చూడ్డానికి ఏడు గంటలు పోతాయి. ఆ ఏడు గంటలు బుడాపెస్ట్‌లోంచి కోసేస్తే మీకు మిగిలేది ఒకటిన్నర రోజు. బ్రాటిస్లావాకి డ్రెస్డెన్ నుంచి ఇంకో వారాంతం వెళ్లండి.

మీ తేదీల్లో మీరు గమనించని సంగతులు రెండున్నాయి, ప్లాన్ అంతా వాటిమీదే తిరుగుతుంది.

ఒకటి, అక్టోబర్ 23 హంగేరీ వాళ్లకి జాతీయ సెలవు. 1956లో సోవియట్ పెత్తనం మీద జనం తిరగబడిన రోజు అది. జెండా మధ్యలో ఉన్న కమ్యూనిస్టు చిహ్నాన్ని అప్పట్లో కత్తిరించి పారేశారు. అందుకే ఆ రోజు ఊళ్లో మధ్యలో గుండ్రంగా చిల్లు ఉన్న ఎరుపు-తెలుపు-ఆకుపచ్చ జెండాలు కనిపిస్తాయి. చినిగిపోయిందేమో అనుకోకండి, నేను మొదటిసారి అలాగే అనుకున్నాను. నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు దిగి ఆ తిరుగుబాటును అణిచేశాయి. 1989లో మళ్లీ అదే అక్టోబర్ 23న రిపబ్లిక్ ప్రకటించుకున్నారు. మీకు దీనివల్ల ఏమిటంటే, సూపర్‌మార్కెట్లు మూత, పెద్ద మార్కెట్ మూత. పార్లమెంట్ చుట్టూ కార్యక్రమాలు, ఊరేగింపులు జరుగుతాయి, కొన్ని దారులు కట్టేస్తారు. కాబట్టి శుక్రవారం పెస్ట్ వైపు పని పెట్టుకోవద్దు.

రెండు, ఆదివారం తెల్లవారుజామున గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. అక్టోబర్ ఆఖరి ఆదివారం కదా. ఒక గంట నిద్ర కలిసొస్తుంది గానీ సాయంత్రం నాలుగున్నర దాటగానే చీకటి పడిపోతుంది. శనివారం ఐదున్నరకి ఉన్న వెలుతురు ఆదివారం ఉండదు. చూడాల్సినవి ఆదివారం సాయంత్రానికి వాయిదా వేయకండి.

ఊరి స్వరూపం కూడా తెలియాలి. డాన్యూబ్ నదికి పడమట బుడా, కొండలు. తూర్పున పెస్ట్, చదును. ఈ రెండూ, ఓబుడా అనే ఇంకో ఊరూ 1873లో కలిసి ఒక్క బుడాపెస్ట్ అయ్యాయి. (స్థానికులు "పెష్ట్" అంటారు. వాళ్ల భాషలో "ఎస్" అక్షరాన్ని "ష" అని, "ఎస్-జెడ్" కలిస్తే "స" అని పలకాలి. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం బోర్డులు చదివేయొచ్చు.) కొత్తగా వెళ్లినవాళ్లు చేసే తప్పు, ఫోన్లో "చూడదగ్గ పది స్థలాలు" పెట్టుకుని ఆ వరసలోనే తిరగడం. ఆ లెక్కన రోజుకి నాలుగుసార్లు నది దాటుతారు. ఒక రోజు ఒక ఒడ్డు. శుక్రవారం బుడా, శనివారం పెస్ట్, ఆదివారం ఆ ఊరి పాత మెట్రో లైన్ వెంబడి. అంతే.

గురువారం రాత్రి. మీ బస్సు ఆగేది నేప్లిగెట్ స్టాండ్. దాని కిందే ఎం3 మెట్రో. దిగగానే ఊదారంగు మిషన్‌లో కార్డ్ పెట్టి 72 గంటల పాస్ తీసుకోండి, 15 యూరోలకి అటూఇటూగా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక మొదలయ్యేలా తీసుకుంటే ఆదివారం మళ్లీ అదే స్టాండ్‌కి వచ్చి బస్సు ఎక్కేదాకా నడుస్తుంది. మీ టైమింగ్‌కి కొలిచి కుట్టినట్టుంది. విడి టికెట్లు కొని పొదుపు చేద్దామని చూడకండి. విడి టికెట్‌ని మెట్రో మెట్ల దగ్గర చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. మెట్రో నుంచి మెట్రోకి మారొచ్చు గానీ మెట్రో దిగి ట్రామ్ ఎక్కితే అది చెల్లదు. మొదటి ట్రిప్‌లో నేను సరిగ్గా అదే చేశాను. ట్రామ్‌లో చేతికి పట్టీ కట్టుకున్న తనిఖీ ఆవిడ నా టికెట్‌ని వెలుతురుకి ఎత్తి చూసి, ఏమీ అనకుండా జరిమానా పుస్తకం తీసింది. "తెలీదండీ" అంటే ఏ భాషలోనూ పనిచేయలేదు. ఆ డబ్బుతో రెండు రోజులు తినొచ్చు. పాస్‌కి ఈ ముద్రల గొడవ లేదు.

హాస్టల్ ఎక్కడ తీసుకోవాలో మీరు అడగలేదు గానీ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లంతా రివ్యూలు చూసి ఏడో డిస్ట్రిక్ట్‌లో దిగుతారు. అది పబ్బుల పేట. సెలవు వారాంతంలో తెల్లవారు నాలుగింటిదాకా కిటికీ కింద పాటలే. చిట్కా: అక్కడి పిన్‌కోడ్‌లో రెండు, మూడు అంకెలే డిస్ట్రిక్ట్ నంబర్. 107తో మొదలైతే ఏడు, 108తో మొదలైతే ఎనిమిది, 109 అయితే తొమ్మిది. మీకు నేను చెప్పేది కాల్విన్ తేర్ (తేర్ అంటే కూడలి) చుట్టుపక్కల. నేప్లిగెట్ నుంచి మారకుండా నాలుగు స్టాపులు, పెద్ద మార్కెట్‌కి నడిచి ఐదు నిమిషాలు, ఎం4 కూడా అక్కడే. డార్మ్ బెడ్ రాత్రికి 20-25 యూరోలకి దొరికితే ఆలోచించకుండా బుక్ చేయండి. లాకర్‌కి తాళం మీరే తీసుకెళ్లాలి. చెకౌట్ అయ్యాక ఆదివారమంతా బ్యాగ్ ఉంచుకుంటారా అని ముందే మెసేజ్ పెట్టి అడగండి. మామూలుగా ఉంచుకుంటారు, కొన్నిచోట్ల మాత్రం డబ్బులు అడుగుతారు.

శుక్రవారం తిండికి ఇబ్బంది అని చెప్పాను కదా. డ్రెస్డెన్ నుంచి చింతపండు పులిహోర ఒక డబ్బా కట్టుకు రండి, గురువారం బస్సులో సగం, శుక్రవారం పొద్దున సగం. అయిపోతే, తలుపు మీద "నాన్‌స్టాప్" అని రాసి ఉండే చిన్న కొట్లు సెలవు రోజుల్లో కూడా తెరిచి ఉంటాయి. ధర కాస్త ఎక్కువ, అంతే.

శుక్రవారం, బుడా. ఎం2లో బత్యానీ తేర్ దగ్గర దిగండి. మెట్లెక్కి బయటికి రాగానే నదికి ఆవల ఎదురుగా పార్లమెంట్. ఊరు మొత్తంలో దాన్ని చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం, పైసా ఖర్చు లేదు. దాని గుమ్మటం ఎత్తు 96 మీటర్లు. కుడివైపు దూరంగా కనిపించే సెయింట్ స్టీఫెన్ బసిలికా గుమ్మటం కూడా 96 మీటర్లే. హంగేరీ వాళ్ల పూర్వీకులు, మగ్యార్ తెగలు, ఈ నేలకి వచ్చి స్థిరపడినట్టు చెప్పుకునే సంవత్సరం 896, ఆ అంకెకి గుర్తు. ఒకటి రాజ్యానిది, ఒకటి దేవుడిది, ఎత్తులో మాత్రం ఎవరూ తగ్గలేదు.

అక్కణ్ణుంచి మెట్లదారిలో పావుగంట ఎక్కితే జాలర్ల బురుజు, హలాస్‌బాష్త్యా. బురుజు అంటే ఏదో యుద్ధాల నాటిది అనుకుంటారు. కట్టింది 1895-1902 మధ్యలో, ఊరి సోకు కోసమే. ఏడు గోపురాలు ఏడుగురు తెగ నాయకులకి గుర్తు. పై వరండాకి పగటిపూట టికెట్, కింది వరండాలు ఉచితం. పైనుంచైనా కిందనుంచైనా కనిపించే నది అదే, టికెట్ కొనకండి. వీలైతే సూర్యోదయానికి వెళ్లండి. ఆ వారంలో ఏడుంపావు దాటాక గానీ తెల్లవారదు కాబట్టి పెద్ద త్యాగం కూడా కాదు. సూర్యుడు పెస్ట్ వెనకనుంచి, అంటే సరిగ్గా మీరు చూస్తున్న వైపునుంచే వస్తాడు. తొమ్మిదయితే టూరిస్ట్ బస్సులు దిగుతాయి, ఆ తర్వాత ఫోటోలో మీకంటే ముందు పదిమంది తలలుంటాయి. పక్కనే మాథియాస్ చర్చి, దాని కప్పు మీద రంగురంగుల పెంకులు. లోపలికి టికెట్, బయటనుంచే చాలు.

కొండమీదికి తీసుకెళ్లే కేబుల్ బండి ఉంది, 1870 నాటిది, ముద్దుగా ఉంటుంది. దానికో లైను, దానికో ధర, మీ పాస్ చెల్లదు. 16 నంబర్ బస్సు అదే కొండ ఎక్కుతుంది, పాస్‌తో. నా సంచి బరువున్న రోజుల్లో నేను బస్సే.

కోట ఆవరణలో మధ్యాహ్నందాకా తిరిగి, చైన్ బ్రిడ్జి దగ్గరికి దిగండి. 1849లో తెరిచారు, బుడా-పెస్ట్ మధ్య మొదటి శాశ్వత వంతెన. 1945 జనవరిలో వెనక్కి పోతూ జర్మన్ సేన పేల్చేసింది. ఆ యుద్ధంలో ఊళ్లో వంతెనలన్నిటిదీ ఇదే గతి. దీన్ని మళ్లీ కట్టి సరిగ్గా నూరేళ్లకి, 1949లో తెరిచారు. పక్కనున్న ఎలిజబెత్ వంతెన ఒక్కదాన్ని మాత్రం పాత రూపంలో కట్టలేదు. 1964లో వచ్చిన ఆ తెల్లటి సన్నటి వంతెన మిగతావాటితో కలవదు, నాకు మాత్రం అదే నచ్చుతుంది.

సాయంత్రం నాలుగున్నరకల్లా ఆ ఎలిజబెత్ వంతెన ఎదుట జలపాతం పక్క మెట్లనుంచి గెల్లెర్ట్ కొండ ఎక్కడం మొదలుపెట్టండి. శిఖరందాకా వెళ్లనక్కర్లేదు, మధ్యలో రాతి కట్టలున్న చోట ఆగి కూర్చుంటే చాలు. ఆరింటికి ఒక్కో వంతెనా వెలుగుతుంది. కళ్ల ముందే, వరసగా. టీ ఫ్లాస్క్ ఉంటే తీసుకెళ్లండి, అక్టోబర్ గాలి అక్కడ బాగా కోస్తుంది.

శనివారం, పెస్ట్. పొద్దున్నే పెద్ద మార్కెట్, 1897 నాటి ఇనుప కప్పు భవనం. ఆదివారం మూత కాబట్టి మీకు ఇదొక్క పూటే అవకాశం, శనివారం మధ్యాహ్నమే కట్టేస్తారు. పై అంతస్తు తిండి టూరిస్టు రేటు. నేలమాళిగలోకి దిగండి, ఊరగాయల కొట్లుంటాయి. గాజు సీసాల్లో దోసకాయలు, మిరపకాయలు, క్యాబేజీ ముక్కలు పేర్చి మనిషి మొహాల బొమ్మలు చేస్తారు. మనలా నూనె-ఆవపిండి కాదు, అంతా ఉప్పు, వెనిగర్. మా అమ్మ చూసి, "ఇంత శ్రద్ధగా పేర్చినవాళ్లు కాస్త కారం వేస్తే ఏం పోయింది" అంది.

కారం మాట వచ్చింది కాబట్టి మీ శాకాహారం సంగతి. లాంగోష్ మీ నేస్తం. మన భటూరాకి పెద్దన్న లాంటిది. పులిసిన పిండిని అరచేత్తో సాగదీసి నూనెలో వేస్తారు, అంచులు ఉబ్బి బంగారు రంగు తిరగ్గానే తీసి, వెల్లుల్లి నీళ్లు కుంచెతో రాసి, పైన పుల్లటి మీగడ, తురిమిన చీజ్. ఒకటి తింటే సాయంత్రందాకా ఆకలుండదు. ఫోజెలేక్ అని కూరగాయల చిక్కటి పులుసు ఉంటుంది, పైన మాంసం ముక్క వద్దని చెప్పండి. సూపులు చాలావరకు మాంసం నీళ్లతోనే కాస్తారు, కూరగాయల సూప్ అని రాసున్నా అడిగి తాగండి. అసలు మోసం బేకరీలో ఉంది. పొగాచా అని చిన్న ఉప్పు బన్నులుంటాయి. చీజ్ వేసినవి పర్లేదు. "తెపెర్తోష్" అని రాసున్నది పంది కొవ్వు వేపుడు కలిపినది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పైన గళ్లు గీసి. నాతో వచ్చిన గుంటూరు స్నేహితుడు, ఏడాదికోసారి కూడా మాంసం ముట్టనివాడు, మూడు తిని "నేతి వాసన భలే ఉంది" అన్నాడు. వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు. "నెమ్ ఎసెమ్ హూష్ట్", అంటే మాంసం తినను, ఈ ఒక్క వాక్యం నోటికి పట్టించుకోండి. తీపికి సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో తూరో రూది, చాక్లెట్ పూత కింద పుల్లటి పనీర్ లాంటిది, చవక.

మార్కెట్ బయట ఫోవామ్ తేర్ స్టాపులో 2 నంబర్ ట్రామ్ ఎక్కి, ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. నది వెంబడే పార్లమెంట్ దాకా వెళ్తుంది. పడవ షికారుకి 20 యూరోలు పెట్టేబదులు ఈ ట్రామ్ రెండుసార్లు ఎక్కండి, పగలోసారి, రాత్రోసారి.

కొషూత్ తేర్‌లో దిగి, రోడ్డు దాటి నది గట్టుకి వచ్చి కొంచెం వెనక్కి, చైన్ బ్రిడ్జి వైపు నడిస్తే ఇనుప బూట్లు కనిపిస్తాయి. అరవై జతలు. 1944-45 చలికాలంలో "యారో క్రాస్" అనే హంగేరీ ఫాసిస్టు పార్టీ మూకలు యూదుల్ని ఈ గట్టుమీద నిలబెట్టి కాల్చి నదిలోకి తోసేశాయి. కాల్చేముందు బూట్లు విప్పించేవారు, బూట్లకి విలువుంది కాబట్టి. 2005లో పెట్టిన జ్ఞాపకం ఇది. ఆడవాళ్ల మడమ బూట్లు, పనివాళ్ల మొరటు బూట్లు, పిల్లలవి కూడా. కొన్ని పక్కకి ఒరిగి ఉంటాయి, ఇప్పుడే విప్పినట్టు. లోపల వాన నీళ్లు, ఎవరో పెట్టిన కొవ్వొత్తులు, గులకరాళ్లు ఉంటాయి. అక్కడ కాళ్లు పెట్టి ఫోటోలు దిగేవాళ్లని చూశాను. ఆ జట్టులో మనవాళ్లు ఉండకూడదని నా కోరిక.

పార్లమెంట్ లోపలికి వెళ్లాలా? నేను మూడుసార్లు వెళ్లాను. గుమ్మటం కింద శిలువ వంగిపోయిన కిరీటం, బంగారు రేకులు, మెట్లు, బాగుంటుంది. కానీ టూర్ ముప్పావుగంట, ధర పౌరసత్వాన్ని బట్టి. జర్మనీ రెసిడెన్స్ కార్డ్ ఉన్నా మనది ఇండియన్ పాస్‌పోర్ట్ కాబట్టి యూరప్ పౌరుల ధరకి దాదాపు రెట్టింపు, పోయినసారి నాకు 30 యూరోలు దాటింది. కొలను కూడా వారాంతంలో 35 దగ్గర. బెడ్లకి 70, పాస్‌కి 15, కొలనుకి 35 తీసేస్తే 150లో మీకు తిండికి మిగిలేది 30. అందుకే రెంటిలో ఒకటి అన్నాను. నన్నడిగితే కొలను. పార్లమెంట్ బయటనుంచే ఎక్కువ అందం. కాదు, లోపలే చూడాలి అనుకుంటే శనివారానికి ఇప్పుడే ఆన్‌లైన్‌లో తీసుకోండి, అక్కడికెళ్లాక దొరకడం కష్టం.

రాత్రి వాత్సి వీధి వైపు ఒంటరిగా వెళ్తుంటే, ఇద్దరు అమ్మాయిలు దారి అడిగి, మాట కలిపి, "పక్కనే ఒక బార్ ఉంది రా" అంటే నవ్వి ముందుకు పొండి. బిల్లు వందల యూరోల్లో వస్తుంది. పాత మోసమే, ఒంటరి మగ టూరిస్టులకోసమే పుట్టింది.

ఆదివారం, కొలను. గడియారం వెనక్కి జరిగింది కాబట్టి మీకు మెలకువ తొందరగానే వస్తుంది. ఆ గంటని కొలనుకి వాడండి. తలుపు తీసే వేళ ముందురోజే చూసుకుని సరిగ్గా ఆ టైమ్‌కి సేచెనీ చేరండి. ఎం1 లైన్లో ఆ పేరుతోనే స్టాప్ ఉంది. ఆ లైనే చూడదగ్గది. 1896లో తెరిచారు, యూరప్ ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ మెట్రో. పాతికలోపే మెట్లు దిగగానే ప్లాట్‌ఫారం, తెల్ల పెంకుల గోడలు, పసుపు బుల్లి బోగీలు. ఒక్క జాగ్రత్త: రెండు దిక్కులకీ వేర్వేరు మెట్లు, రోడ్డు మీదే చూసుకుని దిగాలి.

సేచెనీ 1913 నాటిది. భూమిలోంచి 70 డిగ్రీలు దాటిన నీళ్లు వస్తాయి, చల్లార్చి వదులుతారు. అక్టోబర్ చలిలో తలుపు తీసుకుని బయటి కొలనుకి వెళ్లే ఆ ఇరవై అడుగులు నరకం. రాయి పాదాల్ని కొరుకుతుంది, ఒళ్లంతా గగుర్పొడుస్తుంది. నీళ్లలోకి దిగగానే మెడదాకా వెచ్చదనం. ఎదుటి గోడ కనపడనంత ఆవిరి. ఆ ఆవిరిలో ముసలాయనలు ఛాతీదాకా నీళ్లలో నిలబడి, కట్టమీద బోర్డు పెట్టుకుని చదరంగం ఆడుతుంటారు. పక్కన నిలబడి చూస్తే ఏమీ అనరు, ఎత్తు మాత్రం చెప్పకండి. ఒకసారి చెప్పబోయి చూపుతోనే మాట మింగాను. పది దాటితే జనం నిండిపోతారు, ఆ హాయి ఉండదు.

తీసుకెళ్లాల్సినవి: ఈత నిక్కరు (లోదుస్తులతో దిగనివ్వరు), రబ్బరు చెప్పులు, తువ్వాలు. టర్కీ టవల్ వద్దు, ఆరదు, బ్యాగంతా కంపు. మన గళ్ల నూలు తుండు ఒకటి ఉంటే అదే మేలు. పిండి మంచానికి వేలాడదీస్తే రెండు గంటల్లో ఆరిపోతుంది. తొమ్మిదేళ్లలో నేను మార్చని సామాను అదొక్కటే. ఈత కొట్టే పొడుగు కొలనులోకి టోపీ తప్పనిసరి, వేడి కొలనులకి అక్కర్లేదు. చేతికిచ్చే పట్టీయే లాకర్ తాళం.

వేరే కొలనుల మాట: గెల్లెర్ట్ 2025 అక్టోబర్ నుంచి మరమ్మతులకి మూసేశారు, పాత బ్లాగులు చూసి అక్కడికి వెళ్లకండి. రుదాష్ పదహారో శతాబ్దపు తుర్కుల కట్టడం, గుమ్మటం కింద ఎనిమిది పలకల కొలను. నిజానికి నాకు అదే ఇష్టం. కానీ మొదటిసారి, అదీ చలికాలపు పొద్దున అంటే సేచెనీనే చెప్తాను. లుకాచ్ ప్రశాంతం, స్థానికులు వెళ్లేది.

కొలను నుంచి ఐదు నిమిషాల నడకలో హీరోల కూడలి, అక్కణ్ణుంచి ఆంద్రాషీ రోడ్డు వెంబడి నెమ్మదిగా నడిచి కజింత్సీ వీధికి రండి. రాత్రిళ్లు కిక్కిరిసే సింప్లా అనే పాడుబడ్డ ఇంటి బార్ ఆదివారం పొద్దున రైతుల సంతగా మారుతుంది. చీజులు, తేనె, రొట్టెలు, రుచి చూపిస్తారు. ఇద్దరు ముగ్గురి దగ్గర రుచి చూసి ఒకరి దగ్గరైనా కొనండి. దగ్గర్లోనే దొహాని వీధి యూదుల ప్రార్థనాలయం, 1859 నాటిది, యూరప్‌లో అన్నిటికన్నా పెద్దది. శనివారం మూత, అందుకే ఆదివారానికి పెట్టాను. టికెట్ మీ బడ్జెట్‌కి బరువు. వెనక వీధిలో కంచె అవతల లోహంతో చేసిన విల్లో చెట్టు ఉంటుంది, ఆకు ఆకుకీ చనిపోయినవాళ్ల పేర్లు. అది బయటనుంచే కనిపిస్తుంది.

డబ్బు సంగతి. యూరో కాదు, ఫోరింట్. యూరోకి ఎన్నొస్తాయో వెళ్లేముందు చూసుకోండి. ఫోరింట్ ధరని మూడున్నరతో భాగిస్తే దాదాపు రూపాయల్లో వస్తుంది, అమ్మానాన్నలకి చెప్పడానికి తేలిక. కార్డ్ అన్నిచోట్లా చెల్లుతుంది. ఒక పదివేల ఫోరింట్లు చేతిలో ఉంచుకోండి, మరుగుదొడ్లకి, సంతకి. బ్యాంకు గోడలో ఉన్న ఏటీఎంలోనే తీయండి, "యూరోల్లోకి మార్చి చూపించనా" అంటే వద్దు అనండి. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జీ కలిపారేమో చూడండి. ఇంకోటి: నోటు ఇస్తూ "కొసొనొమ్" అనకండి. దానర్థం థ్యాంక్స్ అనే, కానీ డబ్బు ఇచ్చేటప్పుడు అంటే "చిల్లర ఉంచుకో" అని. 3,200 బిల్లుకి 5,000 నోటిచ్చి మర్యాదగా కొసొనొమ్ అన్నాను. వెయిటర్ నాకంటే మర్యాదగా వంగి నమస్కరించి వెళ్లిపోయాడు.

అడ్రసులు చదివేటప్పుడు ఒక తమాషా. వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. దెయాక్ ఫెరెంత్స్ తేర్ అంటే దెయాక్ ఇంటిపేరు. విమానాశ్రయం పేరు వాళ్ల బోర్డుమీద లిస్ట్ ఫెరెంత్స్, బయటివాళ్ల నోట్లో తిరగబడుతుంది. ఐరోపాలో మన ఇంటిపేరు ఏదో, అసలు పేరు ఏదో ఫారం నింపేటప్పుడు నేను వివరించనక్కర్లేకపోయింది ఈ ఒక్క ఊళ్లోనే.

తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ రెండూ ఒంటిమీదే ఉంచుకోండి. షెంగెన్ (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) లోపలే కదా అని బస్సు డిక్కీలోని సంచిలో పెట్టకండి. చెక్ నుంచి జర్మనీలోకి వచ్చేటప్పుడు పోలీసులు బస్సు ఆపి చూస్తున్నారు. మావాడొకడి కార్డ్ కింది డిక్కీలో అడుగున ఉండిపోయింది. అర్ధరాత్రి రెండింటికి డ్రైవర్ ముప్ఫై పెట్టెలు రోడ్డుమీద దించాడు, బస్సంతా వాడి వంకే చూసింది.

చివరగా, శనివారం మార్కెట్లోనో సూపర్‌మార్కెట్లోనో ఎరోష్ పిష్టా అనే కారం ముద్ద సీసా ఒకటి కొనుక్కోండి. ఎర్ర మిరపకాయ, ఉప్పు, అంతే. పెరుగన్నంలో నంజుకుంటే మన కొరివికారానికి చుట్టమే. బస్సు ప్రయాణం కాబట్టి ద్రవాల తనిఖీ గొడవ లేదు. మూత బిగించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కొలనులో తడిసిన నిక్కరు ఉన్న సంచిలోనే పెట్టండి. పొడి బట్టల్లో పెట్టి ఒక తెల్ల చొక్కా పోగొట్టుకున్నాను.